తలుపు దగ్గర ఆగే కాగితం: గృహహింస రక్షణ ఉత్తర్వుల అందజేత – తెలుగు కథ

వ్యాససంగ్రహం

గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం (2005) కింద కోర్టు ఇచ్చే నోటీసూ రక్షణ ఉత్తర్వూ ప్రతివాది చేతికి చేరే ఘట్టాన్ని కేంద్రంగా తీసుకొని కొన్ని ప్రసిద్ధ తెలుగు కథలను తిరిగి చదివే ప్రయత్నం ఈ వ్యాసం. స్త్రీ గడప దాటడాన్ని విముక్తికి పరాకాష్ఠగా చదివే అలవాటు తెలుగు కథా విమర్శలో బలంగా ఉంది. చట్టం ఊహించిన దృశ్యం వేరు. అందులో స్త్రీ ఇంట్లోనే ఉండవచ్చు, కాగితం పురుషుణ్ణి వెతుక్కుంటూ వస్తుంది. ఈ రెండు దృశ్యాల మధ్య ఉన్న దూరం వస్తువుకు మాత్రమే సంబంధించినది కాదనీ, తెలుగు కథ తన పుట్టుకలోనే అలవరచుకొన్న ఒక నిర్మాణ పద్ధతికి సంబంధించినదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గృహహింస, ప్రతివాది, రక్షణ ఉత్తర్వు, దిద్దుబాటు, గడప, స్త్రీవాద విమర్శ

1. జారీ, అందజేత

పత్రికల తెలుగులో నోటీసు ‘జారీ’ అవుతుంది. అక్కడితో వార్త ముగుస్తుంది. కోర్టు ఆవరణలో మాత్రం మాట అక్కడ ఆగదు. “నోటీసు సర్వ్ అయిందా?” అన్నది వాయిదా నాడు వినిపించే మొదటి ప్రశ్న. జారీకీ అందజేతకూ మధ్య ఉన్న వ్యవధికి తెలుగులో స్థిరపడిన మాట లేకపోవడం యాదృచ్ఛికం కావచ్చు. కానీ గృహహింస వ్యవహారంలో ఆ వ్యవధి ఒక స్త్రీ బతికే కాలం. ఆమె దరఖాస్తు పెట్టిందన్న సంగతి అతనికి ఇంకా తెలియకపోవచ్చు, లేదా ఎవరో చెప్పగా తెలిసే ఉండవచ్చు. కాగితం చేరిన మరుక్షణం ఇంట్లో ఏం జరుగుతుందో ఆమె ఊహించగలదు. ఉత్తర్వు ఇచ్చిన మేజిస్ట్రేటు ఆ క్షణంలో అక్కడ ఉండడు.

కథకు ఇంతకంటే అనువైన కాలం అరుదు. అయినా ఇక్కడ పరిశీలించే కథల్లో ఈ వ్యవధి కనిపించదు. వాటిలో అధికభాగం చట్టానికి చాలా ముందు వచ్చినవి కాబట్టి అది లోపం అనడం అన్యాయం. చట్టం వచ్చింది కనుక దానిపై కథ రావాలని కోరడం విమర్శ పని కూడా కాదు. ఈ కథలు పాఠకులకు నేర్పిన చదివే తీరు ఏది, ఆ తీరు ఇప్పటి దృశ్యాన్ని చూడనిస్తుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. చట్టం రాసిన దృశ్యం

చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు 1983లో శిక్షాస్మృతిలో చేరిన 498-ఎ సెక్షను భర్త క్రూరత్వాన్ని నేరంగా గుర్తించింది. అయితే నేరస్థుణ్ణి శిక్షించడం వేరు, ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకోవాలన్నది వేరు. 2005 చట్టం రెండో ప్రశ్నకు జవాబు వెతికింది. సెక్షను 18 కింద రక్షణ ఉత్తర్వు, 19 కింద నివాస ఉత్తర్వు, ఆపైన జీవనభృతి, పిల్లల సంరక్షణ, పరిహారం – ఇవి ప్రధానంగా సివిల్ స్వభావం గల ఉపశమనాలు. వాటిలో రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే మాత్రం అది సెక్షను 31 కింద నేరం. ఏడాది వరకు జైలు, లేదా 20 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఈ నిర్మాణంలో హింస చేసినవాడు నిందితుడుగా కాక ‘ప్రతివాది’గా ప్రవేశిస్తాడు. నిందితుణ్ణి పోలీసు పట్టి తెస్తాడు. ప్రతివాదికి కబురు పంపాలి. చట్టం ఆశించిన వేగం విశేషమైనది. మొదటి విచారణ సాధారణంగా దరఖాస్తు అందిన మూడు రోజుల్లో జరగాలి. మేజిస్ట్రేటు నోటీసును రక్షణాధికారికి ఇస్తే, ఆ అధికారి గరిష్ఠంగా రెండు రోజుల్లో, లేదా మేజిస్ట్రేటు అనుమతించిన సమంజసమైన అదనపు గడువులో, ప్రతివాదికి అందజేయించాలి. అందజేసినట్టు రక్షణాధికారి ఇచ్చే ప్రకటనే, తప్పని రుజువు కానంతవరకు, రుజువు. నోటీసు వచ్చేలోపు ప్రమాదం ఉంటే సెక్షను 23 కింద ఏకపక్ష ఉత్తర్వుకు వీలుంది.

2006 నియమాల్లోని 12వ నియమం ఇంకా దగ్గరగా చూస్తుంది. ప్రతివాది సాధారణంగా నివసించే చోటికి, లేదా ఉద్యోగం చేసే చోటికి నోటీసు వెళ్ళాలి. ఆ సమయంలో ఆ చోటికి బాధ్యులుగా ఎవరుంటే వారికి ఇవ్వవచ్చు. అదీ సాధ్యం కాకపోతే స్పష్టంగా కనిపించే చోట అంటించాలి. ‘ఆ సమయంలో ఆ చోటికి బాధ్యులు’ అన్న మాట దగ్గర సాహిత్య విద్యార్థి ఆగవలసి ఉంది. ఉమ్మడి నివాసంలో పగటిపూట తలుపు తీసేది ఎవరు? అత్తగారు కావచ్చు, మరిది కావచ్చు. చాలా ఇళ్ళల్లో దరఖాస్తు పెట్టిన ఆవిడే కావచ్చు. తన భర్త పేరు మీద వచ్చిన, తానే తెప్పించిన కాగితానికి గుమ్మంలో ఎదురుపడే స్త్రీని నియమం రాసినవారు ఊహించారో లేదో వాక్యం చెప్పదు. అతను ఎక్కడ దొరుకుతాడో చెప్పవలసిన భారం కూడా ప్రధానంగా ఆమెదే. నియమం భారత భూభాగంలోని చిరునామాల గురించే మాట్లాడుతుంది. భర్త డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి, కోడలు విజయవాడలోనో కరీంనగర్‌లోనో అత్తింట్లో ఉండే కుటుంబాలకు ఈ వాక్యం ఎంత ఇరుకైనదో వేరే చెప్పనక్కరలేదు.

తెలుగు కథతో నేరుగా తలపడేది అదే నియమంలోని నాలుగో ఉపనియమం. ఉమ్మడి నివాసంలోకి రావద్దని, లేదా బాధితురాలిని సంప్రదించవద్దని ప్రతివాదిపై నిషేధం ఉన్నప్పుడు, ఆమె చేసిన ఏ పనీ, చివరకు ఆమె స్వయంగా పిలిచిన పిలుపు కూడా, ఆ నిషేధాన్ని సడలించినట్టు కాదు. మార్చాలంటే మేజిస్ట్రేటే మార్చాలి. ఆలుమగల మధ్య క్షమాపణకు ఉండే బరువును ఇంతగా పక్కన పెట్టిన వాక్యం మన న్యాయసాహిత్యంలో అరుదు.

3. ఉత్తరం, నౌకరు, నవ్వు

గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. తొలి తెలుగు కథ ఏదన్న వాదంలోకి ఇక్కడ వెళ్ళనవసరం లేదు. భండారు అచ్చమాంబ కథలు అంతకు ముందువే. ఈ వ్యాసానికి ముఖ్యమైన సంగతి వేరు. ఆధునిక తెలుగు కథకు నమూనాగా పాఠ్యపుస్తకాలు చూపే ఈ రచన, అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన భర్త తలుపు తీయమని పిలవడంతో మొదలవుతుంది. లోపల భార్య లేదు. బల్ల మీద ఒక ఉత్తరం ఉంది.

ఈ ఉత్తరాన్ని స్త్రీ విద్యకు నిదర్శనంగా చదవడం పరిపాటి. భర్త నేర్పిన చదువుతోనే భార్య అతన్ని దిద్దిందన్న వ్యాఖ్య తరగతి గదుల్లో స్థిరపడిపోయింది. అందజేత కోణంలో చూస్తే ఉత్తరం మరోలా కనిపిస్తుంది. అది నోటీసు లక్షణాలన్నీ ఉన్న రచన. సంబోధనలో ప్రియత్వం తొలగి ఎడంగా నిలిచే మర్యాద వచ్చింది. గోపాలరావుకు తగిలిన మొదటి దెబ్బ అదే. ఉత్తరంలో కారణం ఉంది, తీసుకొన్న చర్య ఉంది. ఎవరికి చేరాలో వారికే నేరుగా చేరింది. మధ్యవర్తి లేడు, తిరస్కరణ లేదు, ‘ఇంటికి తాళం’ అన్న ఎండార్సుమెంటు లేదు.

అయితే ఈ నోటీసు పనిచేయడానికి ఒక షరతు ఉంది. ప్రతివాదికి అంతరాత్మ ఉండాలి. గోపాలరావు చదువుకొన్నవాడు, సంస్కరణ సభల గాలి సోకినవాడు, తప్పు తెలిస్తే సిగ్గుపడేవాడు. ఉత్తరం అతన్ని ఒప్పిస్తుంది. ఆ తరవాత వచ్చిన తెలుగు కథ దశాబ్దాల పాటు ఈ షరతును సహజమని భావించింది. కథ మలుపు తిరగడమంటే ఒక మనసు మారడం. భర్తకు కనువిప్పు కలగాలి, లేదా అతనికి కలగదని తెలిసి భార్యకు కలగాలి. కోర్టు ఉత్తర్వు ఈ వ్యాకరణానికి లొంగదు. ప్రతివాది మారాడా లేదా అన్నది దానికి అనవసరం. చదివి చించి పారేసినా అది పనిచేస్తూనే ఉంటుంది, పనిచేయాలి. ఎవరి మనసూ మారకుండా పరిస్థితి మారే కథను ఎలా నిర్మించాలన్నది కథాశిల్పానికి నిజమైన సమస్య. దీన్ని రచయితల నిర్లక్ష్యంగా కొట్టిపారేయడం తేలిక. కారణం మాత్రం అది కాదు.

‘దిద్దుబాటు’లో విమర్శకులు నవ్వుకొని వదిలేసిన మరో ఘట్టం ఉంది. భార్య కనబడక కోపం ఆపుకోలేని గోపాలరావు నౌకరు రాముడి వీపు మీద గుద్దుతాడు. వెంటనే పశ్చాత్తాపపడి వాణ్ణి లేవదీస్తాడు. హాస్యంగానే రాసిన ఈ ఘట్టంలో ఆ ఇంటి హింస ఎటు ప్రవహిస్తుందో తేటగా ఉంది. కబురు భార్యది, కోపం భర్తది, దెబ్బలు తిన్నది ‘అమ్మగారు ఎక్కడ’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసి వచ్చిన మూడో మనిషి. గోపాలరావు దయగలవాడన్న కథకుడి వ్యాఖ్యలో వ్యంగ్యం ఎంత అన్నది చర్చకు రావలసిన విషయం. కొట్టాక వచ్చే దయ గృహహింస బాధితులు తరచూ వర్ణించే చక్రంలో ఒక అంచె. కమలిని మీద చెయ్యి లేవలేదు కాబట్టి ఇది హింస కథ కాదనడం సులువు. ఆమె ఆ సమయంలో అతని చేతికి అందేచోట లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ముగింపు తెలిసిందే. మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు. భార్య ఇల్లు వదిలి వెళ్ళనే లేదు. పశ్చాత్తాపం చెవిన పడ్డాక ఆ నవ్వు ద్వారా నోటీసును ఉపసంహరించుకొంటుంది. కథ అందం అంతా అక్కడే ఉంది. 12వ నియమం నాలుగో ఉపనియమాన్ని ఈ నవ్వు పక్కన పెట్టి చదివితే ఆ అందం కొంత వణుకుతుంది. నియమం దృష్టిలో ఆ నవ్వుకు విలువ లేదు. ఆమె లోపలికి పిలిచినా అతను రాకూడదు.

ఇక్కడ స్త్రీవాద విమర్శకు ఇరువైపులా ఇబ్బంది ఉంది. స్త్రీ స్వయంనిర్ణయాన్ని కోరే విమర్శ, ఆమె పిలుపు చెల్లదని చెప్పే నియమాన్ని ఎలా సమర్థించాలి? అది రాజ్యం కొత్తగా వేసిన పెద్దరికం కాదా? ఆ అభ్యంతరంలో బలం ఉంది. కాని నియమాన్ని రాసినవారికి తెలుగు కుటుంబం లాంటి కుటుంబాలు బాగా తెలుసుననిపిస్తుంది. పండగొచ్చింది రమ్మను, పిల్లవాడికి జ్వరం కబురు చెయ్యి, మీ నాన్న ముఖం చూసైనా పిలు – ఈ ఒత్తిళ్ళ మధ్య ‘ఆమె పిలిచింది’ అన్నది ఎంతవరకు ఆమె పిలుపు? నియమం ఆమె నుంచి ఒక అధికారాన్ని తీసుకొంటుంది. దానితోపాటే కాదనవలసిన భారాన్నీ తీసుకొంటుంది. నా చేతుల్లో లేదు, కోర్టువారు మార్చాలి అని చెప్పగలగడం నలుగురిలో నిలబడవలసిన స్త్రీకి చిన్న ఆసరా కాదు. నిషేధం మార్చమని అడిగే దారి సెక్షను 25లో ఆమెకు తెరిచే ఉంది. తూచి చూస్తే నియమం పక్షమే బలంగా కనిపిస్తుంది. ‘దిద్దుబాటు’ నవ్వును ఇక ముందు కేవలం మాధుర్యంగా చదవడం మాత్రం కష్టం.

4. బయటికి నడిచిన స్త్రీలు

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అరికాళ్ళకింద మంటలు’ కథలో బాలవితంతువుకు పుట్టిల్లే నరకం. ఇంటెడు చాకిరీ ఆమెది. ఆ చాకిరీకి తోడు మాటల తూట్లు. అవి తల్లి, అమ్మమ్మ, తోబుట్టువుల నోటి నుంచే వస్తాయి. చివరకు రాత్రివేళ ఇల్లు విడిచి జట్కా మీద వీరేశలింగం గారి తోట దారి పడుతుంది. ఈ కథను సంస్కరణోద్యమ కథగానే చదువుతున్నాము. గృహహింస కథగా చదివితే చట్టం చాలా ఆలస్యంగా చేరుకొన్న చోటు ఒకటి కనిపిస్తుంది. చట్టం తొలి పాఠం ప్రతివాదిని ‘వయోజన పురుషుడు’గా నిర్వచించింది. భర్త తరఫు స్త్రీల మీద భార్య ఫిర్యాదు చేసే వీలు మినహాయింపుగా ఉండేది తప్ప, కూతురు తల్లి మీద దరఖాస్తు పెట్టుకొనే దారి లేదు. హీరల్ హర్సోరా కేసులో 2016లో సుప్రీంకోర్టు ఆ రెండు మాటలను కొట్టివేశాకే శ్రీపాద నాయిక వంటి స్త్రీకి తలుపు తెరుచుకొంది. అదీ సగమే. ఇల్లు విడిచి వెళ్ళమనే ఉత్తర్వు స్త్రీల మీద ఇవ్వరాదని సెక్షను 19 చెబుతుంది. ఆ ఇంట్లో తల్లీ అమ్మమ్మా ఉండగానే ఆమె ఉత్తర్వుతో ఉండాలి. జట్కా ఎక్కడమే మేలని ఆమె అనుకొంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’ దాకా వచ్చేసరికి బయటికి నడవడం సిద్ధాంతంగా మారింది. అన్న సత్యం అండతో జానకి కాపురాన్ని వదులుకోవడం ఒక తరానికి ధైర్యమిచ్చింది. ఆ ధైర్యం విలువను తగ్గించే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు. కాని ‘విముక్తి’ అనగానే గడప బయట ఉండేదేననే భావన అక్కడ గట్టిపడింది. అందరికీ సత్యం లాంటి అన్న ఉండడు. బయటికి నడవగలగడానికి చేరుకొనే చోటు ఒకటి కావాలి. సెక్షను 17 ఉమ్మడి నివాసంలో ఉండే హక్కును, ఇంటి మీద యాజమాన్యం ఉన్నా లేకున్నా, గుర్తించింది. అత్తమామల ఇల్లు ఉమ్మడి నివాసం కాదన్న బాత్రా కేసు తీర్పును సుప్రీంకోర్టే 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో సరిదిద్దవలసి వచ్చింది. అంటే ఇంట్లో ఉండిపోవడం అనేది లొంగుబాటు కాక హక్కుగా నిలబడటానికి న్యాయస్థానాల్లోనే అంత కాలం పట్టింది. కథలో ఉండిపోయిన స్త్రీని ఓడిపోయిన స్త్రీగా చదివే విమర్శ ఈ మార్పును లెక్కలోకి తీసుకోవాలి.

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ ఈ వరుసలో విలక్షణమైన కథ. అందులో కొట్టేవాడు లేడు. ఇల్లాలు తన పేరు మరిచిపోతుంది, వెతుక్కుంటూ పుట్టింటికి వెళ్తుంది, స్నేహితురాలి నోట తన పేరు విని అదే ఇంటికి తిరిగి వస్తుంది. ఇల్లు వదలడం ఇక్కడ ముగింపు కాదు. తన పేరుతో తిరిగి ప్రవేశించడమే ముగింపు. దరఖాస్తు పత్రంలో బాధితురాలి పేరు రాయవలసిన గడి ఉంటుంది. ఎవరి భార్య, ఎవరి కోడలు అన్నవి ఆ తరవాత వస్తాయి. సత్యవతి కథకూ చట్టానికీ సంబంధం లేదు. కాని పేరు గలిగిన స్త్రీ అదే ఇంట్లో వేరే షరతుల మీద నిలబడటం అన్న ఊహ, చట్టం కంటే చాలా ముందే, ఒక కథకు తట్టింది. రక్షణ ఉత్తర్వు కథకు పూర్వరూపం వెతకాలంటే ‘జానకి విముక్తి’ కంటే ఇక్కడే దొరుకుతుంది.

5. కోర్టు తెలిసిన కథ

కోర్టు వ్యవహారం కథకు ఎండు సరుకన్న మాట తెలుగులో చెల్లదు. వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో పోలీసు కాగితం, సాక్ష్యం, జరిమానా అన్నిటినీ మాంసం రక్తం ఉన్న వస్తువులుగా మార్చాడు. ‘మాయ’లో ముత్యాలమ్మ మాట్లాడితే న్యాయశాస్త్రం పొడవునా చీలిపోతుంది. ఐతే ఆమె బోనులో నిలబడ్డ ముద్దాయి. రాజ్యం ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. తనే రాజ్యాన్ని పిలిచి, దాని కాగితం తన ఇంటికి ఎప్పుడొస్తుందా అని కిటికీలోంచి చూసే స్త్రీ ఆ కోర్టుకు ఇంకా రాలేదు.

6. కాగితం మోసే మనిషి

మళ్ళీ రాముడి దగ్గరకు రావాలి. చట్టం రక్షణాధికారి అనే కొత్త పాత్రను సృష్టించింది. తెలుగు ప్రాంతంలో ఈ బాధ్యత ప్రధానంగా స్త్రీశిశు సంక్షేమ శాఖ యంత్రాంగం మీద పడింది. అంగన్‌వాడీల నుంచి పౌష్టికాహారం దాకా చూసే శాఖ అది. విధిని కారణం లేకుండా నిర్లక్ష్యం చేస్తే రక్షణాధికారికి సెక్షను 33 కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ఉత్తర్వు మీరిన భర్తకు ఉన్న గరిష్ఠ శిక్షా అంతే. కొట్టినవాణ్ణీ, కాగితం మోయనివారినీ చట్టం ఒకే తూకంలో పెట్టడం వింతగా తోచవచ్చు. అధికారి మీద చర్యకు ప్రభుత్వ అనుమతి కావాలన్న తరువాతి సెక్షను ఆ తూకాన్ని కొంత సవరిస్తుంది. అయినా అందజేత మీద చట్టం ఎంత భారం వేసిందో ఈ ఏర్పాటే చెబుతుంది.

నోటీసుకు రెండు రోజుల గడువు పెట్టిన చట్టం, ఉత్తర్వు విషయంలో మాత్రం ప్రతులు ఉభయ పక్షాలకూ, పోలీస్ స్టేషనుకూ, ఆ పరిధిలోని సేవాసంస్థకూ ఉచితంగా ఇవ్వాలని చెప్పి ఊరుకొంటుంది. ఎన్ని గంటల్లో, ఎవరి చేత అన్నది అక్కడ లేదు. కోర్టు ఆదేశిస్తే రక్షణాధికారి తోడ్పడాలి, పోలీసు సహాయపడాలి. ఉత్తర్వు సంగతి నాకు తెలియదని ప్రతివాది చెప్పగలిగే సందు సరిగ్గా ఇక్కడే ఉంది. ఆ సందులో నిలబడే మనిషి కోర్టు ప్రాసెస్ సర్వరో, హోంగార్డో, ఒప్పందం మీద పనిచేసే కౌన్సిలరో అవుతారు. అతనికీ ఆమెకూ కూడా ఆ ఊళ్ళో చుట్టాలుంటారు. మా వాణ్ణి రచ్చకెక్కిస్తావా అని గుమ్మంలో నిలదీసే పెద్దమనిషి కూడా ఉంటాడు.

1993 నుంచి వచ్చిన ‘భూమిక’ స్త్రీవాద పత్రిక, 2006లో హెల్ప్‌లైన్‌ను కూడా ప్రారంభించి, కథలు అచ్చయ్యే చోటుకీ ఫోను మోగే చోటుకీ మధ్య దూరాన్ని తగ్గించింది. ఆ ఫోను ఎత్తినవారి అనుభవం, నోటీసు పట్టుకొని మెట్లెక్కినవారి అనుభవం కథన దృక్కోణంగా ఇంకా స్థిరపడలేదు. బాధితురాలి గొంతు తెలుగు కథకు తెలుసు. భర్త అంతర్మథనమూ తెలుసు. ఇద్దరికీ బంధువు కాని, ఇద్దరి కోపానికీ అందుబాటులో ఉండే ఈ మూడో మనిషి 1910లోనే కథలోకి వచ్చాడు. రెండు గుద్దులు తిని, మర్నాడు అమ్మగారి కోసం చందవరం ప్రయాణం కట్టవలసినవాడుగా నియమితుడయ్యాడు. గోపాలరావు పశ్చాత్తాపపు మాటలను మోసుకువెళ్ళే పని కూడా అతని మీదే పడింది. కమలిని మంచం కిందే ఉండటం వల్ల ఆ ప్రయాణం అతనికి తప్పింది.